అరచెయ్యంత ఎడం

విమానం పసుపుగీత మీద ఆగిన క్షణం నుంచి మళ్ళీ వెనక్కి కదిలే క్షణం వరకు ఇరవై అయిదు నిమిషాలు. ఆ లోపలే నూట ఎనభైమంది దిగాలి, నూట ఎనభైమంది ఎక్కాలి. వచ్చిన సామాను పొట్టలోంచి దింపాలి, వెళ్ళే సామాను ఎక్కించాలి. సీట్ల మధ్య చెత్త ఏరాలి, రెక్కల్లో ఇంధనం నింపాలి. నేల మీద నిలబడ్డ విమానం సంపాదించదనీ, ఎగిరే విమానమే సంపాదిస్తుందనీ శిక్షణ మొదటిరోజునే అందరికీ చెప్పారు. రైల్లో ఏసీ బెర్తు కంటే చవకగా హైదరాబాదుకు విమానం టికెట్టు దొరుకుతున్నదంటే, తగ్గిన ఆ ధర ఎవరో ఒకరు భరిస్తూనే ఉండాలి. నిమిషాలుగా భరిస్తున్నారు కనుక అది ఎవరి కంటికీ కనబడదు.

విజయనగరం జిల్లా తీరాన, జీడితోటలు కొట్టి చదును చేసిన నేల మీద లేచిన ఆ కొత్త విమానాశ్రయంలో ఈ నిమిషాల లెక్క చూడడం ప్రిస్కిల్లా ఉద్యోగం. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చేతిలోని ట్యాబులో వెంటవెంటనే ఎక్కించాలి. విమానం చవక టికెట్ల కంపెనీది. దాని కింద పరుగులు పెట్టే మనుషులు కాంట్రాక్టరువాళ్ళు. తోక ఆకుపచ్చగా ఉంటుంది కనుక ఆ విమానాన్ని వాళ్ళలో వాళ్ళు పచ్చతోక అని పిలుచుకుంటారు.

గురువారం ఉదయం పచ్చతోక ఏడు నిమిషాలు ఆలస్యంగా దిగింది. వేకువన కురిసిన వానకు నేల ఇంకా తడిగానే ఉంది. ఇంజన్లు ఇంకా ఆగలేదని చెప్పే, పొట్ట కింద తిరిగే ఎర్రదీపం ఆరకముందు ఎవరూ విమానాన్ని సమీపించరాదని నియమం. పోయిన ఏడు నిమిషాలూ రాబట్టుకోవాలి కనుక, దీపం తిరుగుతూండగానే సామాను దించే బెల్టుబండి బయలుదేరింది. ఆ బండిని నడిపే వెంకీ పనిలో చేరి మూడు వారాలు.

బెల్టుబండి విమానం దగ్గరికి వచ్చేటప్పుడు పక్కన ఒక మనిషి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, ఎడం ఎంత మిగిలిందో చూపిస్తూ ఉండాలి. అతన్ని గైడ్ అంటారు. విమానాశ్రయం తెరిచిన మొదటి నెలలో విమానానికి ఆరుగురు కూలీలు ఉండేవారు, ఆరవవాడు గైడ్. రెండవ నెలలో అయిదుగురయ్యారు, మూడవ నెలలో నలుగురు. మనిషి పోయాడు గానీ ట్యాబులో అతని గడి పోలేదు. 'గైడ్ ఉన్నారా? ఉద్యోగి సంఖ్య వేయండి' అని అది అడుగుతూనే ఉన్నది. సంఖ్య వేస్తే తప్ప తరువాతి పుట తెరుచుకోదు. అందుచేత ప్రిస్కిల్లా ఒక సంఖ్య వేస్తూ వచ్చింది. నాలుగు వేల నాలుగువందల పదిహేడు. అది ఏసురాజుది. శ్రీకాకుళంలో ఇద్దరిదీ ఒకే చర్చి సంఘం, ఒకే బస్తీ, ఉదయం అయిదింటికి ఎక్కే వ్యాను కూడా ఒకటే. ముక్కూ మొగమూ తెలియనివాడి సంఖ్య వేయడానికి చెయ్యి జంకేది; ఏసురాజుది వేయడానికి జంకలేదు. ఏసురాజు ఆ వేళకు ఎక్కడ ఉండేవాడో ఆమె ఎన్నడూ వెతికి చూడలేదు. ఆనాడు కూడా బండి కదలకముందే ఆ సంఖ్య వేసేసింది.

గైడ్ లేని లోటును కూలీలు తమ పద్ధతిలో పూడ్చుకున్నారు. పొట్ట తలుపు తెరిచినవాడు గడప అంచున అరచెయ్యి ఆనించి ఉంచుతాడు. బండి ముందరి రబ్బరు దిమ్మ ఆ చేతివెనక తాకగానే కేక వేస్తాడు, నడిపేవాడు ఆపుతాడు. విమానానికీ బండికీ మధ్య ఉండవలసిన ఎడం సరిగ్గా ఒక అరచెయ్యి మందం. నాలుగు నెలలుగా ఈ కొలత తప్పలేదు. దాన్ని చూసి, మనవాళ్ళ నేర్పు అని ప్రిస్కిల్లా మురిసిన రోజులు కూడా ఉన్నాయి.

ఆనాడు పొట్ట తలుపు తెరిచిన కూలీ గోవింద్ మునివేళ్ళ మీద లేచి, ఎడమచెయ్యి గడప మీద పెట్టి, కుడిచేత్తో పిలుస్తున్నాడు.

"రా... రా... ఒరే, నిమ్మళంగా రారా, మీ అత్తోరింటికేటి ఎల్తన్నావు?"

వెంకీ నవ్వాడు. తడిసిన బూటు బ్రేకు మీదనుంచి జారింది.

గోవింద్ కేక వేయలేదు. ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు ఒకటి వినబడింది, అంతే. ప్రిస్కిల్లా పరుగెత్తుతూ "వెనక్కి! వెనక్కి తియ్యి!" అని అరిచింది. బండి వెనక్కి పోగానే గోవింద్ తన చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకుని తడినేల మీద కూర్చుండిపోయాడు.

అప్పుడు విమానం ఇంజనీరు టార్చి పట్టుకుని పరుగున వచ్చాడు. కూర్చున్న మనిషిని దాటుకుని గడప దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి అంచున ఉన్న నెత్తురు తుడిచాడు. టార్చి వెలుగు పక్కవాటుగా వేసి, వేలితో తడిమి, మళ్ళీ తుడిచి, మళ్ళీ తడిమి చూశాడు.

"సొట్ట లేదు, గీత కూడా లేదు," అన్నాడు, పెద్దగా ఊపిరి వదిలి. తరువాతనే కిందికి చూశాడు.

ప్రిస్కిల్లా మెడలోని రుమాలు విప్పి గోవింద్ చేతికి చుట్టింది. మెట్ల మీద నిలిచిపోయిన ప్రయాణికులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. "కనెక్టింగ్ ఫ్లైటు పోతే ఎవరిది బాధ్యత?" అని ఒకాయన పైనుంచే అడిగాడు. పచ్చతోక పదకొండు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరింది.

మధ్యాహ్నం షిఫ్టు సూపర్వైజరు గంగరాజు ఆమెను గదిలోకి పిలిచాడు. బల్ల మీద తినని టిఫిను డబ్బా ఉంది. గంగరాజు విశాఖలో ఇరవై ఏడేళ్ళు పెద్ద విమానకంపెనీలో పనిచేసినవాడు. ప్రయాణికుడికి అన్నం పెట్టి తీసుకువెళ్ళిన కంపెనీ అది; సామాను మోసేవాడికి కూడా క్యాంటీనూ, ప్రావిడెంటు ఫండూ, ఏడాదికి రెండు జతల బూట్లూ ఇచ్చేది. చవక టికెట్ల ముందు నిలవలేక అది ఈ వైపు సర్వీసులు మానుకున్నది. గంగరాజు కాంట్రాక్టరు దగ్గర సగం జీతానికి మళ్ళీ మొదలుపెట్టాడు. పాత కంపెనీ గడియారం ఇప్పటికీ అతని చేతికే ఉంది.

"పదకొండు నిమిషాలమ్మా," అన్నాడు. "ఈ పదకొండూ ఎవుడివో ఒకడివి కావాల. పైనోలకి పేరు పంపాల."

"గోవింద్ ఎలా ఉన్నాడు, సార్?"

"ఆపరేషనుకి తీసుకెల్లినారు. ఇలా సూడు." ట్యాబు ఆమె వైపు తిప్పాడు. "గైడ్, నాలుగు నాలుగు ఒకటి ఏడు. ఏసురాజు. మంచిపని సేసినావు, ఎక్కించి ఉంచినావు. గైడ్ ఉన్నాడు, పని వదిలేసి ఎక్కడికో పోనాడు. అందుకే ఇలగయ్యింది. అలాగని నువ్వొక కాగితం మీద రాసి సంతకం పెట్టు."

"ఏసురాజు అక్కడ లేడు సార్. ఇందాకే పట్టికలో చూశాను, ఆ మూల సరుకు గోదాము దగ్గర పనిలో ఉన్నాడు. మీరే వేశారు అక్కడ."

"ఉన్నాడని రాసింది నువ్వు కాదేటి?"

ఆమె ట్యాబును మళ్ళీ అతని వైపు తిప్పేసింది.

గంగరాజు గొంతు తగ్గించాడు. "నాకేటి సరదావా? గైడ్ అసలు లేడు, నాలుగు నెల్ల నుంచీ లేడు అని మనం రాస్తే కంపెనీ ఈ కాంట్రాక్టు పీకేసి ఇంకోడికి ఇచ్చేస్తాది. అంతకంటే తక్కువకి సేస్తామని ముగ్గురు గుమ్మంలో నిలబడున్నారు. ఇక్కడ తొంభైమంది ఉన్నారు. ఒక్కడి పాసు పోతే తొంభైమంది నిలుస్తారు. సోమారం హైదరాబాదునుంచి సేఫ్టీ ఆఫీసరు వస్తాది. అందాకా ఆలోసించుకో."

పాసు పోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. లోపలికి వెళ్ళే ఆ అట్టముక్కను నిర్లక్ష్యం పేరు మీద ఒకసారి లాక్కుంటే, దేశంలో ఏ విమానాశ్రయంలోనూ మళ్ళీ ఇవ్వరు.

శనివారం ఆమెకు సెలవు. విజయనగరంలో ఆసుపత్రి వరండాలో గోవింద్ తల్లి నారాయణమ్మ బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. భావనపాడు నుంచి మూడు బస్సులు మారి వచ్చింది. గంపలో చేపలు మోసి మోసి నడినెత్తిన వెంట్రుకలు అరిగిపోయిన మనిషి. ప్రిస్కిల్లా తనెవరో చెప్పగానే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వేనేటమ్మా రుమాలు కట్టినది? సల్లగుండు తల్లీ. ఉతికినాను గానీ మరక పోనేదు." కొంగుముడి విప్పి ఆ రుమాలు తీసి చూపించింది. "మూడు వేళ్ళు తీసేసినారు. బొటనేలు, సిటికినేలు మిగిలినాయి. అవి రెండూ ఏటి సేసుకుంటాడు? వలకి ముడెయ్యాలన్నా నడిమేళ్ళే కదా కావాల."

ప్రిస్కిల్లా తల వంచుకుంది.

"మా ఊరోలు సేపలేటకి గుజరాత్‌లో వెరావల్ ఎల్లాలంటే మునుపు మూడు రోజులు రైలు. నిలబడే ఎల్లీవోరు. ఇపుడు ఇమానం ఎక్కి ఎల్తన్నారు, మద్దెలో ఒకసోట దిగి ఇంకోటెక్కుతారంట. ఒక్క సంచికి మించి ఒప్పుకోరంట కదా? మీ సంచి ఎక్కించేది నా కొడుకేనర్రా అని నాను అందరికీ సెప్పీదాన్ని." ఒక్క క్షణం ఆగి, గొంతు మార్చింది. "ఏసురాజంటే ఎవుడమ్మా?"

"ఎందుకు?"

"నిన్న ఆపీసు మనిసి వచ్చి సెప్పినాడు. పక్కన నిలబడాల్సినోడు ఆడేనంట. పని వదిలేసి ఎల్పోయినాడంట. ఆడి సేతులు పడిపోను! ఆడి తల్లి కూడా ఇలాగే ఆసుపత్రి బల్ల మీద కూకోవాల!"

"అమ్మా, ఊరుకో," అన్నాడు గోవింద్ లోపలి మంచం మీదనుంచి.

ప్రిస్కిల్లా లోపలికి వెళ్ళింది. కట్టుకట్టిన చెయ్యి తలగడ మీద పెట్టుకుని అతను గోడ వైపు చూస్తున్నాడు.

"నీకు తెలుసు కదా, గోవింద్. అక్కడ ఎవరూ లేరు."

"తెలుసు, మేడం."

"మరి అమ్మకు చెప్పలేదేం?"

"ఆపీసోలు సెప్పినట్టంటే వైద్యం ఆలే సూసుకుంటారంట." గోడ వైపు నుంచి మొగం తిప్పలేదు. "ఏసురాజు మంచోడు. నాకు టీ కూడా పోసేవోడు. నానేటి సెయ్యను, సెప్పండి."

వరండాలో నారాయణమ్మ ఏసురాజును తిడుతూనే ఉంది. ఆ పేరును ఆ వృద్ధురాలి నోటికి అందించింది ఆఫీసు మనిషి కాదు, తానే. ఆ సంగతి బస్సెక్కి ఇల్లు చేరేదాకా ప్రిస్కిల్లాను వదలలేదు.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం; ఆ రోజు సంఘంలో ప్రభువు రొట్టె పంచుకునే బల్ల ఆరాధన జరుగుతుంది. తెల్లదొరల కాలంలో మొదలైన ఆచారం ఒకటి ఆ సంఘంలో ఇప్పటికీ నిలిచి ఉన్నది: రొట్టె పళ్ళెం బయలుదేరకముందు సంఘకాపరి రాబర్ట్ గారు అయిదు నిమిషాలు మౌనంగా నిలబడతారు. ఎవరికి ఎవరి మీద నేరం ఉన్నదో వాళ్ళు ఆ అయిదు నిమిషాల్లో లేచి, ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, చెయ్యి కలిపి రావాలి. చేతులు కలపనివారు రొట్టె ముట్టరాదు. ఏటా కొన్ని జగడాలు ఆ అయిదు నిమిషాల్లోనే తీరుతాయి. చాలామంది మాత్రం నవ్వుతూ పక్కవాళ్ళతో చేతులు కలిపి కూర్చుంటారు.

ఏసురాజు మగవాళ్ళ వరసలోంచి లేచి నవ్వుతూ వచ్చాడు. అతనికి ఇంకా ఏమీ తెలియదు.

"ఏటి సెల్లీ, మొన్న వ్యాన్లో కిటికీ సీటు నాను లాక్కున్నానని కోపమా? దా, కలుపు."

ప్రిస్కిల్లా చేతులు ఒడిలోనే ఉన్నాయి. పక్కన కూర్చున్న ఆమె తల్లి జ్ఞానసుందరి మోచేత్తో పొడిచింది. "అందరూ సూస్తన్నారే."

"ఏటి, నా సెయ్యి మాసిపోనాదా?" అన్నాడు ఏసురాజు, అరచెయ్యి తిప్పి చూసుకుంటూ.

"బయటికి రండి, అన్నా."

వరండాలో చెప్పుల మధ్య నిలబడి ఆమె చెప్పింది. నాలుగు నెలలు రోజూ ఏమి చేసిందో, గురువారం ఏమి చేసిందో, గంగరాజు ఏమన్నాడో, నారాయణమ్మ ఎవరిని తిడుతున్నదో, ఏదీ దాచలేదు. మధ్యలో ఏడవలేదు కూడా. ఏడిస్తే అతను ఓదార్చవలసి వస్తుందని ఆమెకు తోచింది. అంత తీసుకునే హక్కు తనకు లేదు.

ఏసురాజు తన చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూశాడు.

"అంతమంది ఉండగా నా నెంబరే ఎందుకేసినావు?"

"నోటికి వచ్చిన నంబరు అదే. మీరు మనవాళ్ళు కాబట్టి... ఏమీ కాదనుకున్నాను."

"మనోడు కాబట్టి," అన్నాడు ఏసురాజు. ఆ మాటను నోట్లో పెట్టుకుని చూశాడు. "నాకు కోపం రావాల సూడు. కోపం రానేదు, ముందు బయమొచ్చినాది. గోదాము దగ్గర నానున్నట్టు నలుగురు సూసినారు."

"ఆ నలుగురూ రేపు చూశామంటారా?"

లోపల కీర్తన ఎత్తుకున్నారు. ఆమె చెయ్యి చాచింది. అతను తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"రేపు సెప్పు, సెల్లీ. సెప్పినాక కలుపుదాం."

రొట్టె పళ్ళెం తమ వరసకు వచ్చినప్పుడు ప్రిస్కిల్లా దాన్ని రెండు చేతులా అందుకుని, ముట్టకుండా తల్లికి అందించింది. జ్ఞానసుందరి పళ్ళెం పట్టుకుని కూతురి మొగంలోకి చూసి, తాను తీసుకోవడం కూడా ఒక క్షణం మరిచింది.

సోమవారం సేఫ్టీ అధికారిణి ఎదుట ప్రిస్కిల్లా కుర్చీ అంచున కూర్చోలేదు, వెన్ను ఆనించి కూర్చున్నది. అధికారిణి ముప్పై అయిదేళ్ళ మనిషి. మర్యాదగా మాట్లాడింది, నీళ్ళ సీసా తెప్పించింది.

"గైడ్ తన స్థానం ఎప్పుడు వదిలి వెళ్ళారు?"

"గైడ్ లేరు, మేడం. నాలుగు నెలల నుంచి ఏ విమానానికీ లేరు. ఆ నంబరు నేను అబద్ధంగా వేశాను. నా షిఫ్టులో రోజుకు అయిదు విమానాలు. ప్రతి విమానానికీ వేశాను."

రాస్తున్న కలం ఆగింది. "ఇది ఇలాగే రాస్తే ముందు పోయేది మీ ఉద్యోగం. తెలుసా?"

"తెలుసు."

"మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా? ఇలా చెప్పమని?"

"ఇలా చెప్పవద్దనే ఒత్తిడి ఉంది, మేడం."

అధికారిణి కిటికీలోంచి పచ్చతోక వైపు చూసింది. అప్పుడే దిగిన ఆ విమానం చుట్టూ నలుగురు పరుగులు తీస్తున్నారు. ఆమె వాళ్ళను వేలితో లెక్కపెట్టడం ప్రిస్కిల్లా చూసింది. నలుగురే. లెక్కపెట్టి, కాగితం మీద ఏదో రాసుకుని, "మీ సహకారానికి ధన్యవాదాలు" అన్నది.

మంగళవారం ఏమీ జరగలేదు. బుధవారమూ జరగలేదు. ప్రతి ఉదయం గేటు దగ్గర పాసు యంత్రానికి ఆనించేటప్పుడు ప్రిస్కిల్లా ఎర్రదీపం కోసం ఎదురుచూసింది. పచ్చదీపమే వెలిగింది.

గురువారం ఉదయం డ్యూటీ పట్టిక పక్కన ఒక కాగితం అంటించి ఉంది. నాలుగు వాక్యాలు. విచారణ ముగిసింది. నిషేధించిన చోట చెయ్యి ఉంచినందున ప్రమాదం సంభవించింది. ఇది గాయపడిన ఉద్యోగి స్వీయ నిర్లక్ష్యం. ఇకమీదట విమానం గడపపై చెయ్యి ఉంచినవారిపై కఠిన చర్య తీసుకోబడుతుంది.

ఏసురాజు ఆమె భుజం వెనకనుంచి దాన్ని చదివాడు. రెండుసార్లు చదివి, పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఆమెకు కొత్త కాదు. టార్చి పట్టుకున్న ఇంజనీరు కూడా అలాగే వదిలాడు.

"సెప్పినావంట కదా, సెల్లీ. గంగరాజు గారు సెప్పినారు. నా పేరు నేదు. నీ పేరూ నేదు." నవ్వుతూ చెయ్యి చాచాడు. "ఇంక కలుపు."

ప్రిస్కిల్లా ఆ చేతి వైపు చూసింది. అయిదు వేళ్ళూ నిండుగా ఉన్న చెయ్యి.

"ఇప్పుడు నేను కలపలేను, అన్నా."

అతను మళ్ళీ కాగితం వైపు తిరిగాడు. నవ్వు మెల్లగా మాసిపోయింది. చెయ్యి చొక్కాకు తుడుచుకుని దించుకున్నాడు.

ఆమె నేరుగా గంగరాజు గదికి వెళ్ళింది. అతను ఉత్సాహంగా ఉన్నాడు, ట్యాబు ఆమె చేతిలో పెట్టాడు. "పని తేలికయిపోనాది సూడు, నీకు."

గైడ్ గడి లేదు. మూడవ పుటలో ఇంధనం తరువాత నేరుగా తలుపుల గడి వచ్చింది. ఉన్నారా అని అడిగే గొంతునే తీసివేశారు.

"మనిషి లేడని చెప్పాను, సార్. గడి తియ్యమనలేదు."

"మనిసిని పెడితే జీతమియ్యాల. గడికి జీతం నేదు," అన్నాడు గంగరాజు. తన మాట తనకే రుచించక గడియారం సర్దుకున్నాడు. "నీ మీదా నేదు, ఏసురాజు మీదా నేదు. కాంట్రాక్టు నిలిచినాది. ఇంకేటి కావాలమ్మా?"

"గోవింద్ మీద ఉంది కదా."

"ఆడెలాగూ రాడు."

ఆ మాటలో కోపం లేదు, ద్వేషం కూడా లేదు. తీసివేతల లెక్కలో చివరి అంకె చదివినట్టు చెప్పాడు. ప్రిస్కిల్లా ట్యాబు పట్టుకుని ఎండలోకి నడిచింది.

పచ్చతోక వేళకే దిగింది, గీత మీద ఆగింది. బెల్టుబండి మీద ఆనాడు గోదాము నుంచి మార్చిన ఏసురాజు కూర్చున్నాడు. వెంకీ పొట్ట తలుపు తెరిచి, అంటించిన కాగితం చదివినవాడే అయినా, అలవాటు చొప్పున గడప మీద అరచెయ్యి ఆనించాడు. మరి ఎడం కొలవడానికి వాళ్ళకు మరొక సాధనం ఇవ్వలేదు.

"చెయ్యి తియ్యి, వెంకీ," అన్నది ప్రిస్కిల్లా.

"తీస్తే ఎలాగ మేడం? ఎంతున్నాదో తెలీదు కదా."

"నేను చెబుతాను. తియ్యి."

ఆమె ఆ వేళకు మెట్ల దగ్గర ఉండాలి. దిగేవాళ్ళ సమయం, ఊడ్చేవాళ్ళ సమయం, ఇంధనం గొట్టం సమయం, అన్నీ ఆమె వేలికోసం కాచుకుని ఉన్నాయి. ట్యాబును చంకలో ఇరికించుకుని ఆమె బెల్టుబండి పక్కకు వచ్చి, నాలుగు నెలలుగా ఎవరూ నిలవని చోట నిలబడింది. అక్కడ నేల మీద మనిషి నిలిచే చోటు చూపే తెల్లటి గుర్తు ఇంకా ఉంది. టైర్ల నలుపు కింద సగం చెరిగింది. పొట్ట కింద ఎర్రదీపం తిరుగుతున్నది. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఎత్తింది. ఏసురాజు బండి ఆపాడు.

చెవిలోని రేడియోలో గంగరాజు మొదట మామూలుగా పిలిచాడు. తరువాత పేరు పెట్టి పిలిచాడు. దీపం ఆరిపోయింది. ఆమె చేతులు రెండూ ఎదురెదురుగా పట్టుకుని, మెల్లగా దగ్గరికి తెస్తూ, బండిని పిలిచింది. ఏసురాజు కళ్ళు ఆమె చేతుల మీదనుంచి కదలలేదు. అడుగు, అరడుగు, జాన. ఆమె పిడికిళ్ళు బిగించింది. బండి నిలిచింది. రబ్బరుకూ రేకుకూ నడుమ అరచెయ్యంత ఎడం, దానిలో గాలి తప్ప ఏమీ లేదు.

ముందు పొట్ట అయింది. ఆమె వెనక పొట్టకు నడిచింది, పరుగెత్తలేదు. అక్కడ కూడా నిలబడింది. సామాను దిగేటప్పుడు నిలబడింది, బండి వెనక్కి పోయేటప్పుడు నిలబడింది. వెళ్ళే సంచులు వచ్చినప్పుడు మళ్ళీ మొదటినుంచి నిలబడింది. వాటిలో ఒక సంచికి వలతాడుతో కట్టిన ముడి ఉంది. వెరావల్ వెళ్ళే ఏ జాలరిదో అయి ఉంటుంది. మెట్ల మీద ప్రయాణికులు అసహనంగా ఆగారు. "వెయ్యి రూపాయల టికెట్టుకి ఇంతే మర్యాద," అన్నారు ఎవరో. రేడియోలో గంగరాజు తిట్టడం మాని, "అమ్మా, అమ్మా" అని బతిమాలడం మొదలుపెట్టాడు. ఆ గొంతు వినలేక ఆమె రేడియో తీసి జేబులో వేసుకున్నది.

వెనక్కి నెట్టే బండి పచ్చతోకను కదిలించేసరికి తొమ్మిది నిమిషాలు ఆలస్యమైంది. పచ్చతోక ఆలస్యమైన గురువారాల్లో ఇది రెండవది. సాయంత్రానికి పాసు అడుగుతారని ఆమెకు తెలుసు, రేపు ఇదే చోట అరచేతులు మళ్ళీ గడప మీదికి పోతాయని కూడా తెలుసు. ఏసురాజు బండి దిగి దూరంగా నిలబడ్డాడు. చెయ్యి చాచలేదు, వెళ్ళిపోనూలేదు.

విమానం పైకి లేచి సముద్రం వైపు తిరిగిన తరువాత ట్యాబు వెలిగింది. ఆలస్యానికి కారణం అడిగింది. వాతావరణం, ఇంధనం, ప్రయాణికులు, యంత్రలోపం అని ఒక జాబితా చూపించింది. ఏదో ఒకటి ఎంచుకుంటే తప్ప తరువాతి పుట తెరుచుకోదు. ప్రిస్కిల్లా 'ఇతరములు' అన్న గడి నొక్కింది. ఉద్యోగి సంఖ్య దగ్గర మొట్టమొదటిసారి తన సంఖ్య వేసింది. దాని కింద, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, కారణం రాసింది.

ఒక మనిషి తక్కువ.